మాత్ర వేసినా పిల్లలకు నులిపురుగులు మళ్లీ ఎందుకు వస్తున్నాయి?

మీ ఏడేళ్ల పాప రాత్రిళ్లు నిద్రలో లేచి వెనక గోక్కుంటోందని, మాత్ర వేస్తే తగ్గి నెల తిరక్కుండానే మళ్లీ మొదలైందని, బెల్లం మానిపించమని మీ అత్తగారు పోరుతున్నారని రాశారు. తీపి తింటే ఈ పురుగులు పుట్టవు. గోళ్ల కింద చేరిన గుడ్లు నోట్లోకి పోతే పుడతాయి. కుక్కల నుంచి, పిల్లుల నుంచి కూడా రావు, ఇవి మనుషుల్లోనే ఉండేవి.

మాది కడప. అత్తామామలు, మరిది, తోడికోడలు, మా ఇద్దరు పిల్లలు, అందరం ఒకే ఇంట్లో ఉంటాం. మా చిన్నోడికి ఇలాగే తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది.

ముందు అవి ఆ పురుగులేనా అని చూసుకోండి. పాప నిద్రపోయిన గంటా రెండు గంటలకు సెల్‌ఫోన్ లైటు వేసి, పిర్రలు కొంచెం విడదీసి చూడండి. తెల్లదారం తుంపుల్లాంటివి కదులుతుంటాయి. ఆడపురుగు ఇంచుమించు సెంటీమీటరు పొడవుంటుంది. రాత్రిపూట బయటికొచ్చి మలద్వారం చుట్టూ వేలకొద్దీ గుడ్లు పెడుతుంది, దురద ఆ వేళకే లేచేది అందుకే. మలపరీక్షలో ఇవి చాలాసార్లు దొరకవు. తెల్లారి కడగకముందే ఆ చోట సెల్లోటేపు అంటించి తీసి ల్యాబ్‌లో ఇస్తే తెలుస్తుంది. వానపాములా పొడుగ్గా పడితే మాత్రం అది ఏలికపాము, దాని సంగతి వేరు.

ఇక మాత్ర. ఆల్బెండజోల్ పురుగును చంపుతుంది, గుడ్డును చంపదు. గుడ్డేమో పెట్టిన కొన్ని గంటలకే ఇంకొకరికి అంటుకునేలా తయారవుతుంది, దుప్పట్ల మీద, బొమ్మల మీద రెండు మూడు వారాల దాకా బతికుంటుంది. అందుకే రెండు వారాలకు రెండో డోసు. అదీ ఒక్క పాపకు కాదు, ఇంట్లో అందరికీ ఒకే రోజు, దురద లేనివాళ్లకు కూడా. మా ఇంట్లో ఇక్కడే రగడ. "నాకేంటికమ్మా మాత్ర? పుట్టినప్పటినుంచీ వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నా" అని మా మామ మొండికేశారు. మనవడు రోజూ ఆయన పక్కలోనే పడుకుంటాడు మరి! చివరికి మా అత్త మాత్ర నలిపి చేతిలో పెడితే నమిలారు.

తోడికోడలుకు అప్పుడు మూడో నెల. ఆమెకు మాత్ర వద్దని, ఆరు వారాలు శుభ్రత గట్టిగా పాటించమని డాక్టర్ చెప్పారు. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు డాక్టర్‌ను అడక్కుండా మందు వేయకండి.

బడిలో మింగించారు కదా అంటారేమో. 2015లో మొదలైన, పిల్లలకు పురుగుల మందు వేసే ప్రభుత్వ కార్యక్రమంలో భాగంగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చేదీ ఈ మాత్రే. కానీ అది ముఖ్యంగా మట్టి ద్వారా వచ్చే ఏలికపాములు, కొంకిపురుగుల లాంటి వాటి కోసం. ఆర్నెల్లకొక మాత్రతో మీ ఇంటి దురద పోదు.

మందుకంటే పొద్దున పనే ముఖ్యమని నా అభిప్రాయం. మన ఇళ్లలో లేవగానే దుప్పటి తీసి ఫట్‌మని దులుపుతాం. ఆ గుడ్లు కంటికి కనపడవు, గాల్లోకి లేచి గదంతా పరుచుకుంటాయి. దులపకుండా మెల్లగా చుట్టి వేడినీళ్లలో వేయండి. బొంతలు, దిండ్లు మిద్దె మీద ఎండకు పడేయండి. మన ఎండను ఎంత తిట్టుకున్నా దీనికి బాగా పనికొస్తుంది. మాది నాపరాళ్ల నేల. మందు వేసిన రోజుల్లో చీపురు పక్కనపెట్టి తడిగుడ్డతోనే తుడిచాం.

స్నానం సాయంత్రం కాకుండా పొద్దున చేయించండి, రాత్రి పెట్టిన గుడ్లు అప్పుడే పోతాయి. లోదుస్తులు రోజూ మార్చండి, పాపకు రాత్రి బిగుతైన చెడ్డీ వేయండి. గోళ్లు మొదలంటా కత్తిరించాలి. చేత్తో సంగటి ముద్ద తినే ఇళ్లు మనవి, తినేముందు సబ్బుతో గోళ్ల సందులు కూడా రుద్దించండి. వేలు నోట్లో పెట్టుకునే అలవాటుంటే అది మానిపించడమే అన్నిటికన్నా కష్టం. తిడితే చాటుగా పెట్టుకుంటారు.

పాపను బడి మానిపించాల్సిన పనిలేదు. ఆడపిల్లల్లో ఈ పురుగులు ముందువైపుకు కూడా పాకుతాయి. మూత్రానికి పోయేటప్పుడు మంట, దురద అంటే, పక్క తడపడం మొదలుపెడితే, లేదా గోకి గోకి పుండు పడితే మందులషాపులో అడిగి సరిపెట్టుకోకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి. రెండో డోసు అయ్యాక కూడా పురుగులు కనిపిస్తుంటే అప్పుడూ అంతే.