బాబుకి సున్తీ: హజామా, సర్జనా?

ఐదేళ్ల బాబుకి వేసవి సెలవుల్లో సున్తీ చేయిద్దామనుకుంటున్నామని, అత్తగారు పాత హజామే (ఇళ్లకొచ్చి సున్తీ చేసే మంగలి) కావాలంటున్నారని, అసలు ఎలా చేస్తారో, ఎవరు చేయాలో చెప్పమని అడిగారు. పిల్లల సర్జన్ చేయాలి. వీధి చివర క్లినిక్‌లో కాంపౌండర్ అసలే వద్దు.

హజామ్‌ల మీద నాకేం కోపం లేదండీ. వన్ టౌన్‌లో మా వీధి మగపిల్లలందరికీ చేసింది ఒకే పెద్దాయన. మామూ, అంటే మేనమామ, వెనక నుంచి ఒళ్లో కూర్చోబెట్టుకుని కాళ్లు రెండూ విడదీసి పట్టుకునేవాడు, పెద్దాయన 'అదిగో పైన బంగారు పిట్ట' అనేవాడు, మనం తల ఎత్తేలోపు వెదురు చిమ్టా (పటకారు) బిగించడం, ఉస్తరా (మంగలికత్తి) తిప్పడం అయిపోయేవి, ఆపైన బూడిద అద్ది గుడ్డ చుట్టడమే. మత్తూ లేదు, గిత్తూ లేదు. పిట్ట ఎవడికీ కనపడలేదు. చెయ్యి తిరిగిన మనిషే, కాదనను, కానీ రక్తం ఆగకపోతే ఆయన దగ్గర ఉన్న మందల్లా ఇంకాస్త బూడిద.

అలాగని హజామ్ కాకపోతే చాలనుకోకండి. మా చెల్లి కొడుకు సంగతి వినండి. ఒక ఫంక్షన్ హాల్లో ఉచితంగా చేస్తున్నారంటే బావ తీసుకెళ్లాడు. ఒక గదిలో పిల్లల ఏడుపులు, పక్క గదిలో బిర్యానీ, బయట బ్యానర్ మీద నాయకుల ఫొటోలు. కోసినవాడు డాక్టరో కాదో బావకి ఇప్పటికీ తెలీదు. రాత్రి చెల్లి ఫోన్ చేసి, 'భయ్యా, కట్టు తడిగా ఉంది' అంది. వెళ్లి చూద్దును కదా, కట్టు మీద ఒక గుడ్డ, దాని మీద ఇంకో గుడ్డ, పైగుడ్డ కూడా ఎర్రగా నానిపోయి ఉంది. కాఫీ పొడి వేయమని ఒకరు, పసుపు వేయమని ఇంకొకరు. వాడు పెదాలు పాలిపోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆటో ఎక్కించుకుని కేజీహెచ్ పెద్దాసుపత్రికి పరిగెత్తాం. అక్కడ సర్జన్ తొందరపడకుండా కట్టుని సెలైన్‌తో తడిపి తడిపి విప్పి, గడ్డలన్నీ తుడిచి, కింది వైపు చర్మం సన్నగా అతుక్కుని ఉండే చోటు చూపించారు. రక్తం ఎక్కువగా కారేది అక్కడి చిన్న నాళం నుంచేనట. ఒక్క కుట్టు వేశారు, ఆగిపోయింది. ఆ కుట్టు వేయాల్సినవాడు సాయంత్రమే బ్యానర్ చుట్టేసి వెళ్లిపోయాడు.

ఆ డాక్టర్ మొట్టమొదట అడిగింది, తల్లి వైపు మగవాళ్లకి ఎవరికైనా దెబ్బ తగిలితే రక్తం ఆగని జబ్బు ఉందా అని. హీమోఫీలియా తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. యూదులు పుట్టిన ఎనిమిదో రోజున చేయిస్తారు కదా, వాళ్ల మతగ్రంథం తాల్ముద్‌లో ఎప్పుడో రాసిపెట్టారు, ఇలా కోసినందుకు అన్నలు ఇద్దరు చనిపోతే మూడోవాడికి చేయొద్దని. మనం మాత్రం అడగం, ముహూర్తానికి వంటవాళ్లని కుదుర్చుకుంటాం. ఇంకోటి, మూత్రం వచ్చే రంధ్రం కొసన కాకుండా కింద ఉందేమో చూడాలి. ఉంటే సున్తీ ఆపాలి, దాన్ని సరిచేసే ఆపరేషన్‌కి ఆ చర్మమే కావాలి.

తర్వాత మావాడికి ఆసుపత్రిలోనే చేయించాం. ఆరు గంటల ముందు నుంచి తిండి బంద్, మత్తు ఇచ్చారు, లేచాక నొప్పి తెలియకుండా నడుము కింద ఇంజెక్షన్. ముందు అతుక్కున్న చర్మాన్ని నెమ్మదిగా విడదీసి, గీత గీసుకుని, పైపొర, లోపలిపొర కోసి, రక్తనాళాలు ఒక్కొక్కటీ మూసి, రెండు పొరల అంచులూ కరిగిపోయే కుట్లతో కలుపుతారు. ప్లాస్టిక్ రింగు పద్ధతి కూడా ఉంది, వారం పదిరోజుల్లో అదే ఊడి పడిపోతుంది. దావత్‌కి మా వీధి హజామ్ పెద్దాయన్ని పిలిచి బట్టలు, డబ్బు పెట్టాం. ఆయన పిల్లాడి లుంగీ ఎత్తి చూసి, చర్మం కొంచెం ఎక్కువ వదిలేశాడు మీ డాక్టరు అని తీర్పు చెప్పి భోజనానికి కూర్చున్నాడు.

ఈ మధ్య ఎక్కడ చూసినా లేజర్ సున్తీ, స్టేప్లర్ సున్తీ, కుట్లు లేవు నొప్పి లేదు అని బోర్డులే. పనిముట్టు ఏదైనా సరే, పట్టుకున్న మనిషి ఎవరో అడగండి. కరెంటుతో కాల్చి రక్తం ఆపే యంత్రంతోనే 1966లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక పసివాడికి అంగం మొత్తం కాలిపోయింది, అదీ ఆసుపత్రిలోనే. అలాంటి యంత్రం వాడితే బైపోలార్, అంటే కరెంటు చిమ్టా రెండు కొసల మధ్యే పారే రకం, వాడతారా అని అడిగితే డాక్టర్ ఏమీ అనుకోడు, అనుకుంటే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రాత్రి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో కూడా అప్పుడే తేల్చుకోండి.

మా పక్కింటి హిందువుల అబ్బాయికి చర్మం వెనక్కి రావట్లేదని ఎవరో ఏకంగా ఆపరేషన్‌కి తేదీ రాసిచ్చేశారు. చిన్నపిల్లల్లో అలా ఉండటం మామూలే, ఇబ్బంది ఉంటే ముందు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసి చూస్తారు, చాలామందికి దాంతోనే పోతుంది. వాళ్ల అబ్బాయికీ పోయింది.

కట్టు తీశాక పసుపు పచ్చ పొర కనిపిస్తే చీము అని కంగారుపడకండి, మానేటప్పుడు అలాగే ఉంటుంది. ఎర్రగా వాపు పాకుతున్నా, జ్వరం వచ్చినా, మూత్రం పోయకపోయినా వెంటనే వెళ్లాలి.

మే నెల మాత్రం వద్దండీ. మన విశాఖ ఉక్కపోతలో కట్టు కింద చెమట, కరెంటు పోతే పిల్లాడి ఏడుపు, వచ్చిన ప్రతి చుట్టం లుంగీ ఎత్తి చూడటం. సంక్రాంతి సెలవులకి పెట్టుకోండి. అత్తగారు ఒప్పుకోకపోతే ముందు బాబు మామూని ఒప్పించండి, ఇలాంటి వాటిలో మా ఇళ్లలో ఆయన మాటే చెల్లుతుంది.