మామగారికి షుగర్... పుట్టినరోజు కేక్‌లో పంచదార బదులు తేనె వేయొచ్చా?

ప్రశ్న: మా ఇంట్లో ఎవరి పుట్టినరోజు వచ్చినా కేక్ నేనే చేస్తాను. వచ్చే నెల మా మామగారికి 70 ఏళ్లు నిండుతాయి. ఆయనకు 12 ఏళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు వాడుతున్నారు. ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 7.4 వచ్చింది. ‘నాకోసం వేరే చప్పిడి కేక్ చేయకమ్మా, ఆ పూట భోజనం మానేసి అందరితోపాటే తింటాను’ అంటున్నారు. పంచదార తీసేసి తేనె వేద్దామని నా ఆలోచన. ఇంట్లో మా 9 నెలల పాప ఉంది. ఆ రోజుకు మా చెల్లెలు, వాళ్ల ఐదేళ్ల బాబు వస్తారు. వాడికి గుడ్డు పడదు. ఏడాది క్రితం ఆమ్లెట్ ముక్క తింటే ఒళ్లంతా దద్దుర్లు వచ్చి వాంతులయ్యాయి. కేక్‌లో గుడ్డు బాగా ఉడికిపోతుంది కాబట్టి ఏమీ కాదని తెలిసినవాళ్లు అంటున్నారు. ఎవరికీ ఇబ్బంది లేకుండా కేక్ ఎలా చేయాలో చెప్పండి.
- ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం నిండా మామగారి షుగర్ గురించిన దిగులే ఉంది. చదివాక నాకు మాత్రం ముందు ఆ పిల్లలిద్దరి గురించి భయం వేసింది. ఆయనకు ఒక పూట షుగర్ కాస్త పెరిగితే సరిచేసుకోవచ్చు. పిల్లల విషయంలో పొరపాటు జరిగితే నేరుగా ఆస్పత్రికి పరిగెత్తాల్సి రావచ్చు. అందుకే వాళ్ల సంగతి మొదట చెబుతాను.

తేనె ఆలోచన మానుకోండి. ఏడాది నిండని పిల్లలకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. తేనెలో ఒక్కోసారి క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా స్పోర్లు, అంటే గట్టి పొరలో నిద్రాణంగా ఉండే దాని రూపాలు, ఉంటాయి. పెద్దవాళ్ల పేగుల్లో అవి ఏమీ చేయలేవు. పసిపిల్లల పేగుల్లో మాత్రం అవి పెరిగి, నరాలను దెబ్బతీసే విషాన్ని తయారుచేస్తాయి. బేక్ చేస్తే చచ్చిపోతాయి కదా అని మీకు అనిపించవచ్చు. ఒవెన్‌ను 180 డిగ్రీల్లో పెట్టినా కేక్ లోపల తడి ఉంటుంది కాబట్టి అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు. ఆ స్పోర్లు చావాలంటే 121 డిగ్రీల దాకా వేడి తగలాలి. కాబట్టి తేనె వేసిన కేక్ మీ పాపకు ఒక్క ముక్క కూడా వద్దు. ఆ మాటకొస్తే రెండేళ్లు నిండేవరకు పంచదార కలిపినవి పెట్టకపోవడమే మంచిది. అందరూ కేక్ తింటున్నప్పుడు పాపకు మెత్తగా చిదిమిన అరటిపండు చేతికివ్వండి. తనకు కావాల్సింది ఆ సందడిలో కూర్చోవడమే.

పోనీ మామగారి కోసమైనా తేనె మేలా అంటే, అదీ కాదు. 100 గ్రాముల తేనెలో దాదాపు 80 గ్రాముల చక్కెరలే ఉంటాయి. రక్తంలో గ్లూకోజ్‌ను పెంచడంలో పంచదారకూ దానికీ పెద్ద తేడా లేదు. బ్రౌన్ షుగర్ అయినా ఖర్జూరం ముద్ద అయినా అంతే.

ఇక బాబు సంగతి. మీకు తెలిసినవాళ్లు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, అందుకే అది ప్రమాదకరం కూడా. గుడ్డు పడని పిల్లల్లో సగానికి పైగా కేక్‌లో బాగా వేగిన గుడ్డును తట్టుకోగలరు. వేడికి గుడ్డులోని కొన్ని ప్రొటీన్ల ఆకారం మారిపోతుంది, పిండితో కలిసిపోవడం వల్ల కూడా తీవ్రత తగ్గుతుంది. కానీ వేడికి చెక్కుచెదరని ప్రొటీన్ కూడా గుడ్డులో ఉంది. దానికి అలర్జీ ఉన్న పిల్లలకు కేక్‌లోని గుడ్డు కూడా పడదు. మీ బాబు ఏ కోవకు చెందుతాడో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. ఒకే ఆహారానికి దద్దుర్లూ వాంతులూ రెండూ కలిసి వచ్చాయంటే అది తేలికపాటి అలర్జీ కాదు. అలర్జీ నిపుణుల దగ్గర, అత్యవసర మందులు పక్కన పెట్టుకుని, కొద్దికొద్దిగా తినిపించి చూసే పరీక్ష ఉంది. చెల్లెలితో తప్పకుండా ఆ మాట చెప్పండి. చాలామంది పిల్లల్లో వయసు పెరిగేకొద్దీ ఈ అలర్జీ తగ్గిపోతుంది కాబట్టి పరీక్ష చేయిస్తే మంచి వార్తే వినవచ్చు. ఆ పరీక్ష పుట్టినరోజు నాడు మీ డైనింగ్ టేబుల్ దగ్గర మాత్రం జరగకూడదు.

కాబట్టి ఆ రోజు అందరికీ గుడ్డు లేని కేకే చేయండి. ఒక్కో గుడ్డుకు పావు కప్పు చొప్పున గట్టి పెరుగు వేసి, కొంచెం వంటసోడా కలిపితే కేక్ మెత్తగా వస్తుంది. బాబుకు పాలు, గోధుమ పడతాయో లేదో ముందే అడిగి తెలుసుకోండి. టిన్ను, బీటర్, గరిటె శుభ్రంగా కడిగి వాడండి, అంతకుముందు అంటుకున్న గుడ్డు చాలు మళ్లీ దద్దుర్లు రావడానికి. ఎంత జాగ్రత్తపడినా పెదవులు వాయడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, వాంతులతోపాటు నీరసపడిపోవడం లాంటివి కనిపిస్తే సిరప్ పట్టించి చూద్దామని ఆగకండి. అలాంటప్పుడు ప్రాణం కాపాడేది తొడకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే. ఇంట్లో ఉంటే వెంటనే ఇవ్వండి, ఇచ్చినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మీరు రాయలేదుగానీ, కేక్ కలుపుతుంటే పిల్లలు గిన్నె చుట్టూ చేరతారు. గుడ్డు లేదు కదా అని పచ్చి పిండి నాకనివ్వకండి. మైదా కూడా పచ్చి పదార్థమే. పొలంలో గింజకు అంటిన ఈ.కొలై లాంటి క్రిములు పిండి ఆడించినంత మాత్రాన పోవు. 2016లో అమెరికాలో పచ్చి పిండి వల్లే చాలామంది జబ్బుపడ్డారు. అలంకరణకు వాడే మెరుపు పొడుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. డబ్బా మీద ‘నాన్ టాక్సిక్’ అని ఉన్నంత మాత్రాన అది తినదగినదని కాదు. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక పుట్టినరోజు కేక్ తిన్న ఆరుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు అయ్యాయి. దానిమీద దట్టంగా పూసిన పొడిలో రాగి ఎక్కువగా ఉందని తేలింది. తినడానికి పనికొస్తుందని స్పష్టంగా రాసి, అందులో ఏమేం కలిపారో ముద్రించినవే కొనండి. లేదంటే పండ్ల ముక్కలతో అలంకరించండి.

ఇప్పుడు మామగారి విషయం. ఆయన కేక్ తింటానన్నందుకు నాకేమీ అభ్యంతరం లేదు. భోజనం మానేస్తానన్నారే, అదే కుదరదు. గ్లిమిపిరైడ్ వేసుకున్నాక ఆయన తిన్నా తినకపోయినా ఆ మందు క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. మాత్ర వేసుకుని భోజనం మానేసి, సాయంత్రం కేక్ కోసేదాకా ఆగితే ఈలోగా షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడటం... 70 ఏళ్ల మనిషి ఆ స్థితిలో లేచి నడిస్తే పడి ఎముక విరగొచ్చు. షుగర్ 70 కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. ఆ సమయంలో కేక్ ముక్క నోట్లో పెట్టకండి. అందులోని వెన్న వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. తాగలేని స్థితిలో, మత్తుగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఆయన వేళకు మాత్ర వేసుకుని, వేళకు భోజనం చేయాలి. అందులో పిండిపదార్థం కొంత తగ్గించి, కూరలు, పప్పు ఎక్కువగా పెట్టండి. తగ్గించిన ఆ భాగమే కేక్‌కు చోటు. భోజనం అయిన వెంటనే కేక్ తింటే ఖాళీ కడుపుతో తిన్నప్పటి కన్నా షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. కేక్ తింటున్నాం కదా అని ఇంకో మాత్ర అదనంగా వేసుకోవడం మాత్రం వద్దు.

ఎంత ముక్క పెట్టాలో లెక్క చెబుతాను. 250 గ్రాముల మైదా, 250 గ్రాముల పంచదారతో చేసిన కేక్‌లో సుమారు 440 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. దాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ముక్కకు 55 గ్రాములు, అంటే మూడున్నర బ్రెడ్ ముక్కలతో సమానం. అదే పంచదారను 170 గ్రాములకు తగ్గించి, కేక్‌ను 16 ముక్కలు చేస్తే ఒక్కోదానిలో 22 గ్రాములే. పంచదార మూడో వంతు తగ్గినా రుచిలో తేడా పెద్దగా తెలియదు. ఇంకా తగ్గిస్తే మాత్రం కేక్ పొడిబారుతుంది, ఎందుకంటే తీపితోపాటు కేక్‌లో తడిని పట్టి ఉంచేది కూడా పంచదారే. పైన పంచదార పొడితో ఐసింగ్ వేస్తే ఈ లెక్కంతా తారుమారవుతుంది, అది వద్దు. ఈ కేక్ పాప తప్ప అందరూ తినదగినదే కాబట్టి ఆయనకు విడిగా చేయాల్సిన పని లేదు. ఆయన కోరిక కూడా అదే కదా.

‘షుగర్ ఫ్రీ’ తీపి పొడులు వాడొచ్చా అంటే, సుక్రలోజ్, స్టీవియా లాంటివి షుగర్‌ను పెంచవు, వాటిని వాడొచ్చు. అస్పర్టేమ్ బేకింగ్ వేడికి తీపి కోల్పోతుంది. మాల్టిటాల్ ఉన్నవి కొంత షుగర్ పెంచుతాయి, ఎక్కువైతే విరేచనాలు కూడా అవుతాయి. ఏది వాడినా మైదా అలాగే ఉంటుందని గుర్తుంచుకోండి. షుగర్ ఫ్రీ కదా అని రెండు ముక్కలు తినేవాళ్లను నేను తరచూ చూస్తుంటాను.

తిన్నాక ఆయనను పదిహేను నిమిషాలు మెల్లగా నడిపించండి. రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌తో చూడండి, 180 లోపు ఉంటే మంచిదే. వెన్న, క్రీమ్ ఉన్నప్పుడు షుగర్ ఆలస్యంగా కూడా పెరుగుతుంది కాబట్టి పడుకునే ముందు మరోసారి చూడండి. ఆ అంకెలు, తిన్న ముక్క సైజు ఒక కాగితం మీద రాసి, ఈసారి వెళ్లినప్పుడు ఆయన డాక్టర్‌కు చూపించండి. కిడ్నీ సమస్య ఉన్నా, ఇటీవల షుగర్ తరచూ పడిపోతున్నా పుట్టినరోజు రాకముందే వెళ్లి మందుల గురించి మాట్లాడండి.

హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటును చెబుతుంది. ఒక రోజు తిన్న ముక్కతో అది మారిపోదు. దాన్ని పెంచేది మర్నాడు, ఎల్లుండి ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా తిన్న ముక్కలు. మీ ఇంట్లో ప్రతి పుట్టినరోజుకూ కేక్ ఉంటుందంటున్నారు కాబట్టి ఈసారి చిన్న టిన్నులో చేయండి. మిగిలినదాన్ని ఆ రాత్రే చెల్లెలు వాళ్లకు కట్టి పంపేయండి.