పాత మైక్రోస్కోపులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాడా ఆకారపు పాదంతో ఉన్న ఇత్తడి మైక్రోస్కోపు ఒకటి దొరికింది. గొట్టం మీద ‘ఇ. లైట్జ్, వెట్స్‌లార్’ అని చెక్కి ఉంది. ఫోకస్ మర బిగుసుకుపోయింది. ఇత్తడికి పాలిష్ పెట్టి, మరకు నూనె వేయవచ్చా?

జవాబు: రెండూ వద్దు. మీకు పసుపు మెరుపులా కనిపిస్తున్నది ఇత్తడి ఒక్కటే కాదు, దాని మీద పూసిన లక్క వార్నిష్ కూడా. పాలిష్ దాన్ని అరగదీస్తుంది, స్పిరిట్ కరిగించేస్తుంది. సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తితే చాలు.

మర కదలకపోవడానికి కారణం తుప్పు కాదు, పాత గ్రీజు బంకలా గట్టిపడటం. బలవంతంగా తిప్పితే మర పళ్ళు విరుగుతాయి. ముందు ఐపీస్ (కంటి వైపు కటకాలు), ఆబ్జెక్టివ్ (స్లైడ్ వైపు కటకాలు) విప్పి పక్కన పెట్టండి. లోపలి కటకాలను అతికించిన కెనడా బాల్సం అనే చెట్టు బంక కిరోసిన్ లాంటి ద్రావకాలకు మెత్తబడుతుంది. పళ్ళ పట్టీకీ, జారే పట్టాల అంచులకూ పుల్లతో రెండు మూడు చుక్కల కిరోసిన్ పెట్టి ఒక రాత్రి వదిలేయండి. మెల్లగా అటూ ఇటూ ఆడించి, వదులయ్యాక పాత జిడ్డంతా తుడిచి, పలచగా కొత్త గ్రీజు రాయండి. నూనె వేస్తే గొట్టం తన బరువుకే జారి స్లైడ్‌ను పగలగొడుతుంది.

వయసు సంగతి: జర్మనీలోని వెట్స్‌లార్‌లో కార్ల్ కెల్నర్ 1849లో నెలకొల్పిన సంస్థ 1869లో ఎర్న్‌స్ట్ లైట్జ్ చేతికి వచ్చింది. లక్షవ మైక్రోస్కోపును 1907లో బ్యాక్టీరియా శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్‌కు బహూకరించారు. మీదాని తయారీ సంఖ్య లక్షలోపు ఉంటే దాదాపుగా అంతకుముందుదే.

ప్రశ్న: అదే తయారీ మైక్రోస్కోపుకు కొత్త 40 రెట్ల ఆబ్జెక్టివ్ బిగించాను. మర చక్కగా పట్టింది కానీ బొమ్మ పొగమంచులా ఉంది. ఎందుకు?

జవాబు: మర పట్టడంలో వింత లేదు. ఆబ్జెక్టివ్ మరకు 0.8 అంగుళాల వ్యాసం, అంగుళానికి 36 చుట్లు అనే కొలత 1858లో లండన్ మైక్రోస్కోపికల్ సొసైటీ నిర్ణయించింది. చిక్కంతా గొట్టం పొడవులో ఉంది. లైట్జ్ వారిది 170 మి.మీ., మీ కొత్త ఆబ్జెక్టివ్ బహుశా 160 మి.మీ. గొట్టం కోసం చేసింది. పైకీ కిందికీ జారే లోపలి గొట్టాన్ని ఆ పొడవుకు సరిచేసి, ఆబ్జెక్టివ్ భుజం (మర దగ్గర ఆనే అంచు) నుంచి ఐపీస్ ఆనే అంచు వరకు కొలవండి. నోస్‌పీస్ (ఆబ్జెక్టివ్‌లు బిగించే తిరిగే భాగం) మందమూ ఆ కొలతలో భాగమే, చాలామంది మరిచేది ఇక్కడే. కవర్‌గ్లాస్ (స్లైడ్ మీద కప్పే పలచటి గాజు) మందం 0.17 మి.మీ. ఉండాలి. ఆబ్జెక్టివ్ మీద అనంతం గుర్తు (∞) ఉంటే మాత్రం ఈ గొట్టానికి అది పనికిరాదు.

పాత లైట్జ్ ఆబ్జెక్టివ్ మీద 3, 7 అని ఉంటే అవి వరుస సంఖ్యలు, రెట్లు కావు.

ప్రశ్న: విద్యార్థుల కోసం చౌక మైక్రోస్కోపులు చేయాలన్న ప్రయత్నం ఎప్పటిది?

జవాబు: 1855లో లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ ఇందుకోసం బహుమతి ప్రకటించింది. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఫీల్డ్ అండ్ సన్ గెలిచింది. బడిపిల్లల మైక్రోస్కోపు ధర 10 షిల్లింగుల 6 పెన్నీలు, విద్యార్థిది 3 గినీలు (గినీ అంటే 21 షిల్లింగులు). ఒక హెచ్చరిక: గొట్టం మీద ఉన్న పేరు తయారీదారుదే కానక్కరలేదు. అమ్మిన దుకాణదారులు తమ పేరు చెక్కించుకోవడం అప్పట్లో మామూలే.