ఉంగరం చేయి మారిన పాట

అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతం అంటే టోపీలు, గుర్రాలు, తాగుడే కదా, అందులో మనసును పట్టుకునే కథ ఎక్కడుంది, వినదగ్గ ఆల్బమ్ ఒక్కటి చెప్పండి అని అడిగారు. ఒక్కటే అంటే నేను లొరెట్టా లిన్ పాడిన ‘వాన్ లియర్ రోజ్’ పేరు చెబుతాను. 2004లో వచ్చింది. అప్పటికి ఆమెకు 72 ఏళ్లు.

నేను పుట్టింది కొత్తగూడెంలో. నాన్న సింగరేణిలో కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి టబ్బులు నింపే పని. షిఫ్టు దిగి వచ్చి ఎంత రుద్ది స్నానం చేసినా కనురెప్పల అంచున కాటుక దిద్దినట్టు బొగ్గు మిగిలేది. ఉద్యోగం కోసం అమెరికా వెళ్లిన కొత్తలో, ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ కాటుక సంగతి చెప్పాను. తోటి ఉద్యోగి ఒకామె తినడం ఆపి, ‘అయితే నువ్వు ఈమెను వినాలి’ అంది. సాయంత్రం నన్ను ఇంటి దగ్గర దింపుతూ కారులో ఈ ఆల్బమ్ పెట్టింది. లొరెట్టా యాసలో సగం మాటలు అర్థం కాలేదు. అయినా ఇల్లు వచ్చాక కూడా కారు దిగలేదు.

లొరెట్టా 1932లో కెంటకీ కొండల్లో, బుచర్ హాలో అనే చోట పుట్టింది. తండ్రి బొగ్గుగని కార్మికుడు, ఎనిమిది మంది పిల్లల్లో ఈమె రెండోది. 15 ఏళ్లకే పెళ్లయింది. ఆమెకు గిటారు కొనిచ్చి, నువ్వు పాడగలవని జనం ముందుకు తోసింది భర్తే. తాగుడుతో, పరాయి స్త్రీలతో ఆమెను ఏడిపించిందీ ఆయనే. రెండు సంగతులూ ఆమె దాచలేదు. 1996లో ఆయన పోయేదాకా 48 ఏళ్లు కలిసే ఉన్నారు. ఈ ఆల్బమ్‌లోని చాలా పాటల వెనక ఆ జీవితమే ఉంది.

వాన్ లియర్ ఆమె ఊరి పక్కన ఉన్న గనుల ఊరు. మొదటి పాటలో తన తల్లి అందం గురించి తండ్రి చెప్పుకున్న ముచ్చట్లు వస్తాయి. గని మనుషులందరి కళ్లూ ఆ పిల్ల మీదే. చివరికి ఆమె ఒక పేదవాడితో వెళ్లిపోయింది. మా నాన్న కూడా అమ్మను చూడటానికి వెళ్లిన రోజు గురించి చెప్పినప్పుడల్లా కొంచెం పెంచే చెప్పేవారు. మేము మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాళ్లం.

‘ఫ్యామిలీ ట్రీ’ వినండి. భర్త ఇంకొకామె ఇంట్లో ఉన్నాడు. భార్య పిల్లలను తీసుకుని ఆ ఇంటి ముందుకు వెళుతుంది. వెంట కుక్కను కూడా తెచ్చింది, కట్టాల్సిన బిల్లులూ తెచ్చింది. నా దృష్టిలో ఆ పాటంతా ఆ బిల్లుల్లోనే ఉంది. గుండె పగిలిందని పాడటం ఎవరికైనా వస్తుంది. గడువు దాటిన బిల్లులు చేతిలో పట్టుకుని సవతి గుమ్మం ముందు నిలబడటం, సంసారం మోసిన మనిషికి తప్ప తట్టదు. నన్ను చూసి జాలిపడండి అని ఆమె ఎక్కడా అడగదు. మీరు అడిగిన కథ నాకు అక్కడే దొరికింది.

ఆల్బమ్‌ను నిర్మించింది జాక్ వైట్, అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండని రాక్ సంగీతకారుడు. ఆమె గొంతులోని వయసును నునుపు చేయకుండా వదిలేశాడు. అందుకు అతనికి రుణపడి ఉన్నాను. 2005లో ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గా అమెరికా సంగీత పురస్కారం గ్రామీ వచ్చింది. ఇద్దరూ కలిసి పాడిన ‘పోర్ట్‌లాండ్ ఒరెగాన్’కు కూడా గ్రామీ వచ్చింది గానీ, హోరు తప్ప అందులో నాకు పెద్దగా ఏమీ మిగల్లేదు. ‘లిటిల్ రెడ్ షూస్’లో ఆమె పాడనే పాడదు. చిన్నప్పటి జబ్బు గురించి, అమ్మ గురించి, ఎర్ర చెప్పుల జత గురించి మాట్లాడుతుంది, అంతే. అరుగు మీద పక్కన కూర్చుని వింటున్నట్టు ఉంటుంది.

పన్నెండో పాట ‘మిస్ బీయింగ్ మిసెస్’. గిటారు, ఆమె గొంతు, ఇంకేమీ లేవు. భర్త పోయాక పెళ్లి ఉంగరం తీసి కుడి చేతికి పెట్టుకున్నానంటుంది. ఏడిపించిన భర్త కోసమే, అతని భార్యగా ఉండటం కోసమే బెంగపెట్టుకుంటుంది.

నాన్న పోయిన మరుసటి ఏడాది ఈ పాట గురించి ఫోనులో అమ్మకు చెప్పాను. ఇంగ్లీషు పాట నీకెందుకులే అంటూనే మాట మాటకూ అర్థం చెప్పాను. ఉంగరం దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఆపమంది.

‘ఆమె ఉంగరం ఆమే తీసుకుందా?’

అవునన్నాను.

‘తీసి ఇంకో చేతికి పెట్టుకుందా?’

అవునన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

‘నా మెట్టెలు పదో రోజున ఎవరో తీశారు. ఎవరో కూడా గుర్తు లేదు’ అంది. తర్వాత, ‘ఆ పాట మళ్లీ చెప్పు’ అంది.