టీసీ (బదిలీ సర్టిఫికెట్) లేదని మీ మేనకోడలికి దేవరకొండ కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో సీటు ఆగిందన్నారు కదా, అసలు చిక్కు ఇదీ

పాత ప్రైవేటు స్కూల్ ఆన్‌లైన్ రికార్డులో అమ్మాయి పేరు ఇంకా తీసి ఉండకపోవచ్చు. ఫీజు బాకీ ఉందని టీసీ ఆపినచోట తరచూ ఇదే సమస్య.

1. విద్యా హక్కు చట్టం–2009, సెక్షన్ 5: టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ స్కూల్ చేర్చుకోవడం ఆపకూడదు. దరఖాస్తులో ఈ మాట రాయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. ఎంఈఓను (మండల విద్యాధికారి) కలిసి, యూడైస్ అనే ఆ ఆన్‌లైన్ రికార్డులో అమ్మాయి పేరును పాత స్కూల్ నుంచి డ్రాప్‌బాక్స్‌లోకి, అంటే స్కూల్ వదిలిన పిల్లల జాబితాలోకి, మార్పించమని రాసివ్వండి. అక్కడికొస్తేనే కొత్త స్కూల్ పెన్ నంబరుతో (విద్యార్థి శాశ్వత నంబరు) తీసుకోగలదు. నోటిమాటతో వదలకండి, కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి.

3. తర్వాత కస్తూర్బా స్పెషల్ ఆఫీసర్‌ను కలవండి. బడి మానేసిన ఆడపిల్లలకు అక్కడ ప్రాధాన్యం. తిండి, వసతి ఉచితం. పత్తి ఏరడానికి వెళ్లి ఏడో తరగతి మధ్యలో ఆపినా, పదమూడేళ్లు కాబట్టి వయసుకు తగ్గ తరగతి అడగొచ్చు. సెక్షన్ 4 ప్రకారం వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ కూడా ఆమె హక్కు.

అమ్మాయికి పెళ్లి మాటలు నడుస్తున్నాయన్నారు. దానికి సీటు వచ్చేదాకా ఆగొద్దు, ఈరోజే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.