బౌన్స్ అయితే యోక్ ముందుకు తొయ్యకు

బాబూ,

సోలో (మొదటిసారి ఒంటరిగా విమానం నడపడం) దగ్గరపడిందని, ల్యాండింగ్ అంటేనే టెన్షన్‌గా ఉందని రాశావు. ఉండనీ, తప్పేం లేదు. చిన్న విమానాల ప్రమాదాల్లో పెద్ద వాటా ల్యాండింగ్‌దే, కాకపోతే వాటిలో చాలావరకు మనుషులు నడుచుకుంటూ బయటికొస్తారు, ప్రొపెల్లరూ ముక్కు చక్రమూ పోతాయి.

వీటిలో చాలావాటికి బీజం ఫైనల్‌లోనే, అంటే రన్‌వేకి ఎదురుగా నేరుగా దిగే చివరి దశలోనే పడుతుంది. సెస్నా 172 లాంటి చిన్న విమానాన్ని ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి దిగే పలకలు) పూర్తిగా దించి 65 నాట్స్ (గంటకి సుమారు 120 కి.మీ.) వేగంతో తేవాల్సిన చోట, ఎందుకైనా మంచిదని ఇంకో పది కలుపుతారు చాలామంది. పదే కదా అనిపిస్తుంది గానీ, 75 నాట్స్ దగ్గర విమానంలో ఉండే చలన శక్తి మూడో వంతు ఎక్కువ. ఫ్లేర్ చేశాక, అంటే నేలకి దగ్గరగా ముక్కు కాస్త ఎత్తాక, అది కిందికి దిగకుండా తేలుతూ పోతుంది, రన్‌వే అయిపోతోందని నీకు కంగారు పుడుతుంది, బలవంతంగా దించుతావు, ముక్కు చక్రం ముందు తగిలి విమానం ఎగురుతుంది, అదే బౌన్స్. అప్పుడు చెయ్యి తనంతట తనే యోక్‌ని (ముక్కు పైకీ కిందికీ కదిపే కంట్రోల్‌ని) ముందుకు తోస్తుంది చూడు, అక్కడే కొంప మునిగేది. ప్రతి దెబ్బకీ ఎగురుడు పెరుగుతుంది, చివరికి ముక్కు చక్రం విరుగుతుంది.

కొద్దిగా ఎగిరితే ముక్కుని ల్యాండింగ్ భంగిమలోనే పట్టుకుని, కాస్త పవర్ ఇచ్చి మళ్లీ దించు. గట్టిగా ఎగిరితే ఇక ఆలోచించకు, ఫుల్ థ్రాటిల్ (ఇంజిన్‌కి పూర్తి పవర్), గో అరౌండ్, అంటే దిగడం మానేసి పైకెళ్లి మళ్లీ రావడం. దిగడానికి సర్దిన ట్రిమ్ (యోక్ మీద చేతి బరువు తగ్గించే అమరిక) వల్ల ముక్కు పైకి లేస్తుంది, ఫుల్ పవర్‌కి ఎడమకి లాగుతుంది, కాబట్టి యోక్‌ని అదుపులో పెట్టి కుడి రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే పెడల్) ఇవ్వు. కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌లో మంచు పట్టకుండా వేడిగాలి పంపేది) ఉంటే ఆఫ్ చెయ్యి. ఫ్లాప్స్ ముందు 20 డిగ్రీలకి, మిగతావి పైకెళ్లాక మెల్లగా, ఒక్కసారే అన్నీ ఎత్తేస్తే కూలబడతావు.

ప్రాణాలు తీసేది మాత్రం వేరే ఉంది, బేస్ (రన్‌వేకి అడ్డంగా వచ్చే దారి) నుంచి ఫైనల్‌కి తిరిగే మలుపు. వెనక గాలి తోసి రన్‌వే సెంటర్‌లైన్ దాటించేస్తే, బ్యాంక్ (రెక్కల వంపు) పెంచడానికి భయపడి రడ్డర్‌తో ముక్కు తిప్పుతారు, దాంతో పాటు యోక్ వెనక్కి లాగుతారు. స్టాల్ అయిందా, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోయాయా, లోపలి రెక్క పడిపోతుంది, ఆ ఎత్తులో తేరుకునే చోటే ఉండదు. ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీల బ్యాంక్‌లో తిరిగితే స్టాల్ అయ్యే స్పీడే దాదాపు 19 శాతం పెరుగుతుంది. నా లెక్కలో 30 డిగ్రీలు దాటే మలుపు కావాల్సొస్తే ఆ అప్రోచ్ (దిగే ప్రయత్నం) అయిపోయినట్టే, వదిలేసి మళ్లీ రా.

పక్క గాలిలో చక్రాలు ఆనగానే పని అయిపోయిందని ఎలరాన్ (విమానాన్ని పక్కకి వంచే రెక్కల చివరి పలకలు) వదిలెయ్యకు, ఆగేదాకా యోక్‌ని గాలి వచ్చే వైపే తిప్పి ఉంచు.

వచ్చే క్లాసులో మీ ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి గో అరౌండ్‌లు చెయ్యి. మూడొందల అడుగుల ఎత్తు నుంచి అందరూ చేస్తారు, నువ్వు ఫ్లేర్‌లో, చక్రాలు నేలకి జానెడు ఎత్తులో ఉన్నప్పుడు చేయించమను.