వెనక బెంచీ ప్రశ్న

చిరంజీవి అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. సోమవారం నుంచి నరసాపురంలో ఎమ్మెస్సీ పిల్లలకి కాంజుగేట్ వెక్టర్ స్పేస్ చెప్పబోతున్నావట, మీ అమ్మ ఫోన్ చేసింది. నేను వదిలేసిన సుద్దముక్క నువ్వు పట్టుకున్నావని పొంగిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

నిర్వచనానికి ఒక్క ముక్క చాలు. వెక్టర్లు అవే, కూడిక అదే. స్కేలార్‌తో గుణించమంటే దాని కాంజుగేట్‌తో గుణిస్తాం, అంతే. స్కేలార్ అంటే ఇక్కడ ఓ సంకీర్ణ సంఖ్య; అందులో ఐ (మైనస్ 1కి వర్గమూలం) ఉన్న భాగానికి గుర్తు మారిస్తే కాంజుగేట్, రాతలో నెత్తిన గీత.

నేను మునిగిన చోటు వేరే ఉంది. ముప్పై ఏళ్ల కిందట ఈ పాఠం చెబుతూ, "వెక్టర్‌లో ఉన్న అంకెలన్నిటికీ నెత్తిన గీత పెట్టండి, అదే కాంజుగేట్ స్పేస్" అనేశాను. అందరూ రాసేసుకున్నారు. వెనక బెంచీలోంచి రాజోలు కుర్రాడొకడు లేచి, "బేసిస్ మారిస్తేనండీ?" అన్నాడు. ఏ వెక్టర్లతో కొలిచి ఆ అంకెలు రాస్తామో, వాటినే మారిస్తే అని. "మారితే ఏంటి, కూర్చో" అన్నాను. ఇంటికొచ్చి అరుగు మీద కాగితం పెట్టుకున్నాను. సంకీర్ణ సంఖ్యల స్పేసే తీసుకో. బేసిస్ 1 అయితే, 1 అనే వెక్టర్‌కి గీత పెట్టినా 1గానే ఉంటుంది. బేసిస్‌గా ఐని తీసుకుంటే, 1 రావాలంటే ఐని మైనస్ ఐతో గుణించాలి. ఆ మైనస్ ఐకి గీత పెడితే ఐ అవుతుంది, ఐని ఐతో గుణిస్తే మైనస్ 1! అదే వెక్టర్ ఒకచోట కదల్లేదు, ఇంకోచోట తలకిందులైంది. నేను చెప్పింది స్పేస్ కాదమ్మా, బేసిస్‌ని బట్టి మారిపోయే ఓ మ్యాప్. డైమెన్షన్ ఒకటే కాబట్టి రెండు స్పేసులకీ ఐసోమార్ఫిజం (కూడికా గుణకారమూ చెడకుండా ఒకదానికొకటి జత కుదిర్చే మ్యాప్) ఉంటుంది, కానీ మనం ఏదో ఒకటి ఎంచుకోకుండా దానంతట అది దొరకదు.

మర్నాడు బోర్డు మీద నా తప్పు రాశాను. వాడు ఆ రోజు రాలేదు.

డ్యూయల్ స్పేస్ (వెక్టర్ తీసుకుని సంఖ్యనిచ్చే లీనియర్ మ్యాపుల స్పేస్) గొడవ ఇన్నర్ ప్రోడక్ట్ (రెండు వెక్టర్ల నుంచి ఓ సంఖ్యనిచ్చే గుణకారం) చెప్పాకే ఎత్తు. అప్పుడైతే బేసిస్ ఊసు లేకుండానే కాంజుగేట్ స్పేస్ ఆ డ్యూయల్ స్పేస్‌తో కుదురుతుంది. ముందే ఎత్తావో, సగం క్లాసు నిద్రపోతుంది.

మీ తాతయ్య పడవలో చుక్కాని కర్ర ఎడమకి తోస్తే ముక్కు కుడికి తిరిగేది, గుర్తుందా? ఇదీ అంతే. మామూలు స్పేస్‌లో ఐతో గుణిస్తే తొంభై డిగ్రీలు ఎడమకి తిరిగే వెక్టర్, కాంజుగేట్ స్పేస్‌లో కుడికి తిరుగుతుంది. పడవ అదే, కాలువ అదే. రియల్ సంఖ్యతో గుణిస్తే తేడానే తెలీదు.

పడవంటే గుర్తొచ్చింది. గోదారి ఎర్రగా వస్తోంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కావని తెలిస్తే ఊరుకోను. చుట్టైనా సరే, చించినాడ వంతెన మీదుగా బస్సులో వెళ్ళు. దిగగానే ఫోన్ చెయ్యి.

మీ మావయ్య